జూలైలో అమ్మానాన్నలతో వేగస్ నుంచి గ్రాండ్ క్యానియన్ దాకా కారు ప్రయాణం: సలహాలు కావాలి

పల్నాటి_ప్రవాసి

అందరికీ నమస్కారం. మేము డాలస్‌లో ఉంటాము. అమ్మానాన్నలు నరసరావుపేట నుంచి వచ్చారు, ఆగస్టులో తిరిగి వెళ్తారు. ఈలోగా వాళ్లకు పశ్చిమ అమెరికా చూపించాలని జూలై రెండో వారానికి లాస్ వేగస్ విమానం టిక్కెట్లు తీసుకున్నాను. అక్కడ కారు అద్దెకు తీసుకుంటాము. మొత్తం ఐదుగురం, బాబుకు ఆరేళ్లు. నాన్నకు బీపీ, షుగరు ఉన్నాయి. అమ్మకు మోకాళ్ల నొప్పులు.

అనుకున్న దారి ఇది. మొదటి రోజు కాలిఫోర్నియా ఎడారిలోని డెత్ వ్యాలీకి వెళ్లి రాత్రికి వేగస్ చేరడం. రెండో రోజు యూటాలోని జయాన్, బ్రైస్ పార్కులు రెండూ. మూడో రోజు అరిజోనాలోని పేజ్ ఊళ్లో యాంటిలోప్ క్యానియన్ అనే ఇరుకు రాతి లోయ, హార్స్‌షూ బెండ్ అనే నది మలుపు, సాయంత్రానికి ఎర్ర శిలల మాన్యుమెంట్ వ్యాలీ. నాలుగో రోజు గ్రాండ్ క్యానియన్ చూసుకుని రాత్రికి మళ్లీ వేగస్. ఎండ సంగతి ఎత్తితే నాన్న "రెంటచింతల ఎండల్లో తిరిగినవాణ్ణి, నాకు చెబుతావా" అంటున్నారు. దారిలో దొంగతనాలు, ఎలుగుబంట్లు లాంటి భయాలు ఏమైనా ఉన్నాయా? వెళ్లివచ్చినవాళ్లు చెప్పగలరు.

ఎడారి_కోడలు

పల్నాటి గారూ, మాది వేగస్ పక్కనే హెండర్సన్. ఈ దారిలో ఎలుగుబంట్ల గురించి బెంగ పెట్టుకోకండి. గ్రాండ్ క్యానియన్ అంచున కరిచేది ఉడుత. తినుబండారం చేతిలో పట్టుకుని బాబు దాని దగ్గరకు వెళ్లకుండా చూసుకోండి. పార్కు సిబ్బంది పదే పదే చెప్పేది కూడా ఇదే.

నాకు భయం వేసింది మీ పట్టిక చూసి. వేగస్ నుంచి జయాన్ 160 మైళ్లు, అక్కడి నుంచి బ్రైస్ 85, బ్రైస్ నుంచి పేజ్ 150, పేజ్ నుంచి మాన్యుమెంట్ వ్యాలీ 125, అక్కడి నుంచి గ్రాండ్ క్యానియన్ దక్షిణపు అంచు 180, చివరికి వేగస్ 280. అన్నీ సుమారు లెక్కలే అనుకోండి, దాదాపు వెయ్యి మైళ్లు. అందులో చాలా భాగం రానూపోనూ ఒక్కొక్క వరుసే ఉండే రోడ్లు. మీ నాలుగో రోజునే తీసుకోండి. 460 మైళ్లు నడుపుతూ మధ్యలో గ్రాండ్ క్యానియన్ చూస్తారు. రాత్రి పదింటికి కింగ్‌మన్ దాటేటప్పుడు వెనక సీట్లలో అందరూ నిద్రపోతుంటారు, మీ కళ్లూ మూతలు పడుతుంటాయి. ఈ ప్రయాణం మొత్తంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన గంట అదే.

ఇక ఎండ. నాన్నగారు రోళ్లు పగిలే రోహిణి కార్తె చూసినవారే, కాదనను. కానీ అక్కడ చొక్కా తడిసిపోతుంది, మనిషి తనంతట తానే నీడకు చేరతాడు. ఇక్కడ గాలిలో తేమ లేక చెమట పుట్టింది పుట్టినట్టే ఆరిపోతుంది. ఒళ్లు పొడిగా ఉంటుంది కాబట్టి నీరు పోతున్నట్టే తెలియదు. దాహం వేసే దాకా ఆగకూడదు. బీపీకి మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వాడుతుంటే, ఈ వారం ఎలా వాడాలో బయలుదేరే ముందే డాక్టరును అడగండి. ఇన్సులిన్ ఉంటే ఆపి ఉంచిన కారులో వదలకండి.

కారు_చక్రపాణి

కోడలు గారు మరీ భయపెడుతున్నారు. మేము జూలైలోనే డెత్ వ్యాలీ చూశాము. తెల్లవారుజామున నాలుగింటికి వేగస్ నుంచి బయలుదేరి, జబ్రిస్కీ పాయింట్‌లో సూర్యోదయం చూసి, బ్యాడ్‌వాటర్ దగ్గర ఫొటో తీసుకుని, పదింటికల్లా కొండ ఎక్కి బయటపడ్డాము. సముద్ర మట్టానికి 282 అడుగుల కిందకి దిగి నిలబడటం అందరికీ దొరికే అనుభవం కాదు. ఏసీ బాగున్న కారు, నిండా పెట్రోలు, నీళ్లు ఉంటే చాలు.

ఎడారి_కోడలు

చక్రపాణి గారూ, మీరు చెప్పిన పద్ధతి ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు సరిపోతుంది. ఆరేళ్ల బాబును, షుగరు ఉన్న పెద్దాయనను తెల్లవారుజామున మూడింటికి నిద్ర లేపి తీసుకెళ్లడం మాటేమిటి? 1913 జూలై 10న డెత్ వ్యాలీలోని ఫర్నెస్ క్రీక్‌లో నమోదైన 134 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 56.7 సెల్సియస్, ఇప్పటికీ ప్రపంచ రికార్డుగా చెలామణిలో ఉంది. 2024 జూలైలో బెల్జియం నుంచి వచ్చిన ఒక పర్యాటకుడు అక్కడి ఇసుక తిన్నెల మీద చెప్పులు పోగొట్టుకున్నాడు. కొద్దిసేపు ఉత్త కాళ్లతో నడిచినందుకు అరికాళ్లు లోతుగా కాలిపోయాయి. హెలికాప్టరు ఆ లోయలో దిగలేకపోయింది, ఎందుకంటే అంత వేడిలో గాలి పలచబడి రెక్కలకు పట్టు దొరకదు. అతన్ని అంబులెన్సులో ఎత్తు ప్రాంతానికి తరలించి, అక్కడి నుంచి హెలికాప్టరులో పంపాల్సి వచ్చింది.

వెళ్లేవాళ్లు ఒక్క విషయం గుర్తుంచుకోండి. అక్కడ కారు ఆగిపోతే దాన్ని వదిలి నడవకూడదు. కారు కనిపించినంత సులభంగా మనిషి కనిపించడు. ఫోనులోని జీపీఎస్ దగ్గరి దారి అని మట్టి రోడ్డు చూపిస్తే దాని మాట వినకండి.

ముహూర్తాల_మూర్తి

గడియారం గురించి ఎవరూ చెప్పలేదు. వేసవిలో నెవాడా, అరిజోనా ఒకే సమయం. యూటా ఒక గంట ముందు ఉంటుంది. అరిజోనాలో వేసవికి గడియారం మార్చరు, కానీ అదే అరిజోనాలో ఉన్న నవాహో నేషన్, అంటే నవాహో తెగవారి సొంత ప్రాంతం, మారుస్తుంది. కాబట్టి వేగస్ నుంచి జయాన్ వెళ్తే గంట పోతుంది, పేజ్ చేరితే గంట తిరిగి వస్తుంది, మాన్యుమెంట్ వ్యాలీలో మళ్లీ పోతుంది, గ్రాండ్ క్యానియన్‌లో మళ్లీ వస్తుంది.

అసలు చిక్కు పేజ్‌లో. ఆ ఊరు అరిజోనా సమయం పాటిస్తుంది, ఊరి పొలిమేరల్లోనే నవాహో భూములు. ఫోను ఏ టవరును అందుకుంటే ఆ సమయం చూపిస్తుంది. ఒకే గదిలో ఇద్దరి ఫోన్లలో రెండు సమయాలు కనిపించడం కద్దు. యాంటిలోప్ క్యానియన్ నవాహో భూమిలోనే ఉన్నా టిక్కెట్ల మీద వేసేది అరిజోనా సమయం. ఫోనులో సమయం తనంతట తాను మారకుండా ఆ పూటకు ఆపేసి ఫీనిక్స్ (అరిజోనా) సమయం పెట్టుకోండి, లేదా చేతికి మామూలు గడియారం కట్టుకోండి. పర్యటన తప్పితే డబ్బు తిరిగి రావడం కష్టం. గైడు లేకుండా లోపలికి వెళ్లనివ్వరు కూడా.

ఫీనిక్స్_మామయ్య

జూలై రెండో వారం అంటే మాకు ఇక్కడ వానాకాలం మొదలయ్యే రోజులు. ఉదయం ఆకాశంలో మబ్బు తునక ఉండదు. మధ్యాహ్నం రెండు మూడింటికి ఉరుములు. ఎడారి నేల నీటిని పీల్చుకోదు, వాన పడితే అంతా వాగుల్లోకే.

1997 ఆగస్టు 12న దిగువ యాంటిలోప్ క్యానియన్‌లో 11 మంది పర్యాటకులు వరదలో చనిపోయారు. వాళ్లు నిలబడిన చోట చెప్పుకోదగ్గ వాన లేదు. మైళ్ల అవతల ఎగువన కురిసిన వాన ఆ ఇరుకు సందులోకి ఒక్కసారిగా వచ్చింది. ఇప్పుడు అక్కడ ఇనుప మెట్లు బిగించారు, వాతావరణం మీద నిఘా పెంచారు, అనుమానం వస్తే పర్యటన రద్దు చేస్తారు. రద్దు చేస్తే గైడుతో వాదించకండి. 2015 సెప్టెంబరులో జయాన్‌లోని కీహోల్ క్యానియన్‌లో ఏడుగురు ఇలాగే కొట్టుకుపోయారు. జయాన్‌లో నదిలో నడిచే నారోస్ దారి గురించి చాలామంది ఊరిస్తారు. ఆ రోజు వరద సూచన ఏమిటో పార్కు వాళ్ల సైటులో చూడకుండా నీళ్లలో కాలు పెట్టవద్దు. ఆ నదిలో విషపు నాచు కూడా ఉంటుంది, బాబు నీళ్లు నోట్లో పోసుకోకుండా, తల ముంచకుండా చూడండి.

కారుతోనూ అంతే. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే లోతు తక్కువే కదా అని పోనివ్వకండి. 12 అంగుళాల ప్రవాహం చిన్న కారును కదిలించేస్తుంది, రెండు అడుగులైతే పెద్ద బళ్లను కూడా తోసుకుపోతుంది. ఆగండి. ఈ వాగులు ఎంత వేగంగా వస్తాయో అంత వేగంగా తగ్గుతాయి.

మీ దారిలో రాదు కానీ, ఫీనిక్స్–టూసాన్ మధ్య ఐ-10 హైవే మీద ప్రయాణించేవాళ్ల కోసం ఇంకొకటి. దుమ్ము తుఫాను కమ్మితే రోడ్డు దిగి వీలైనంత పక్కకు వెళ్లి ఆపండి. తరువాత అన్ని లైట్లూ ఆర్పేయాలి, ప్రమాద సూచక లైట్లు కూడా. బ్రేకు మీద నుంచి కాలు తీసి హ్యాండ్ బ్రేకు వేయాలి. సీటు బెల్టు తీయవద్దు. మన అలవాటు దీనికి పూర్తిగా వ్యతిరేకం, లైట్లన్నీ వెలిగించి కూర్చుంటాము. కానీ దుమ్ములో వెనక వచ్చేవాడు మీ ఎర్ర లైటు చూసి ముందు కారు కదులుతోందనుకుని, దాని వెంటే వచ్చి గుద్దేస్తాడు.

పల్నాటి_ప్రవాసి

చదువుతుంటే గుండె గుభేలుమంటోంది కానీ మంచిదే, అందరికీ ధన్యవాదాలు. డెత్ వ్యాలీ తీసేశాను. నాన్నకు చెప్పలేదు, ఆ అరికాళ్ల వార్త మాత్రం చదివి వినిపించాను. ఇంకొక సందేహం. వేగస్‌కు దగ్గరలోనే గాజు వంతెన ఉన్న గ్రాండ్ క్యానియన్ ఉందట, రెండు గంటల్లో చేరవచ్చట. నా భార్య అది చాలదా అంటోంది. మాన్యుమెంట్ వ్యాలీ కూడా ఉంచాలా, తీసేయాలా?

హుద్‌హుద్_చూసినవాడు

గాజు వంతెన ఉన్నది గ్రాండ్ క్యానియన్ వెస్ట్. అది హువలపాయ్ తెగవారి భూమి, నేషనల్ పార్కు కాదు. 2007లో తెరిచారు. పార్కు పాస్ అక్కడ చెల్లదు, విడిగా టిక్కెట్టు కొనాలి. చూడదగ్గదే. అయితే ఫొటోలలో కనిపించే ఆ విశాలమైన రంగుల లోయ కావాలంటే దక్షిణపు అంచుకే వెళ్లాలి. ఇంత దూరం వచ్చి అది చూపించకపోతే పెద్దవాళ్లకు అన్యాయం చేసినట్టే.

ఉత్తరపు అంచు జోలికి వెళ్లకండి. 2025 జూలైలో కార్చిచ్చుకు అక్కడి పాత లాడ్జి కాలిపోయింది.

దక్షిణపు అంచు 7,000 అడుగుల ఎత్తు, బ్రైస్ 8,000 పైనే. కాబట్టి అక్కడ పగలు కూడా ఎండ భరించదగ్గదిగా ఉంటుంది, బ్రైస్‌లో రాత్రి స్వెటరు లేకపోతే వణుకుతారు. ఎత్తు వల్ల నాన్నగారికి రెండు అడుగులకే ఆయాసం రావచ్చు, మెల్లగా నడిపించండి. అంచుల దగ్గర కొన్నిచోట్ల మాత్రమే రెయిలింగు ఉంటుంది. ఫోను తెర చూస్తూ వెనక్కి అడుగు వేయడం అక్కడ పనికిరాదు. ఉరుము వినిపిస్తే అంచు వదిలి బస్సులోకో కారులోకో వెళ్లిపోండి.

అమ్మగారి మోకాళ్ల కోసం ఒక మాట. దక్షిణపు అంచున హెర్మిట్ రోడ్డులోకి మార్చి నుంచి నవంబరు దాకా సొంత కార్లను పోనివ్వరు, ఉచిత షటిల్ బస్సులే. నడవలేని పెద్దలు ఉంటే ప్రవేశద్వారం దగ్గర అడగండి, మీ కారులోనే వెళ్లడానికి అనుమతి పత్రం ఇస్తారు. చాలామందికి ఇది తెలియక బస్సులు ఎక్కుతూ దిగుతూ అలసిపోతారు. బ్రైస్‌లో సన్‌రైజ్ పాయింట్ నుంచి సన్‌సెట్ పాయింట్ దాకా అర మైలు దారి దాదాపు చదునుగా ఉంటుంది. జయాన్‌లో రివర్‌సైడ్ వాక్ కూడా అలాంటిదే. దిగువ యాంటిలోప్‌లో నిటారుగా ఇనుప నిచ్చెనలు దిగాలి, అమ్మగారికి వద్దు. ఎగువ దానిలో నేల చదునుగానే ఉంటుంది. తిరుగు దారిలో మెట్లు ఎన్నో టిక్కెట్టు కొనేటప్పుడే అడగండి.

మాన్యుమెంట్ వ్యాలీ తీసేయండి.

కారు_చక్రపాణి

తీసేయకండి! పేజ్‌లో ఒక రాత్రి ఉండి, మరుసటి ఉదయం బయలుదేరితే హాయిగా చూడవచ్చు. ఆ ఎర్రటి శిలల వెనక పొద్దు గుంకడం చూడకుండా పశ్చిమం చూశామని చెప్పుకోలేము.

హుద్‌హుద్_చూసినవాడు

పొద్దు గుంకిన తరువాత అక్కడి నుంచి ఎక్కడికి వెళ్తారో కూడా చెప్పండి మరి. ఆ రోడ్ల మీద కంచెలు లేని చోట్ల ఆవులు, గుర్రాలు నడిరోడ్డు మీద నిలబడతాయి. వీధి దీపం ఉండదు.

కారు_చక్రపాణి

అక్కడే గది తీసుకోవాలి. ఇది నేను ముందే రాయాల్సిన సంగతి అంటే ఒప్పుకుంటాను, తీసేయమంటే మాత్రం ఒప్పుకోను.

తాళంచెవి

మాన్యుమెంట్ వ్యాలీ వెళ్లేవాళ్లు కారు అద్దె పత్రం చదవండి. లోపలి 17 మైళ్ల దారి మట్టి రోడ్డు. మట్టి రోడ్డు మీద నడిపితే బీమా వర్తించదని చాలా అద్దె ఒప్పందాలలో ఉంటుంది. నవాహో గైడు జీపులో వెళ్తే ఆ బాధ లేదు, వాళ్ల కథలూ వినవచ్చు. నవాహో భూమిలో మద్యం నిషేధం, కారులో సీసా కూడా ఉంచుకోకండి. డ్రోన్లు అక్కడా ఎగరవేయకూడదు, నేషనల్ పార్కుల్లోనూ ఎగరవేయకూడదు.

కొత్త_వీసా

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మొదటిసారి ఇంత దూరం నడపబోతున్నాను, శాన్ డియాగో నుంచి టూసాన్. పోలీసులు ఆపితే ఏం చేయాలి? కాగితాలు ఏవి ఉంచుకోవాలి?

ఫీనిక్స్_మామయ్య

కుడి పక్కకు తీసి ఆపు బాబూ. కారు దిగి పోలీసు దగ్గరకు నడిచి వెళ్లకు. మన ఊళ్లో అది మర్యాద, ఇక్కడ దాన్ని బెదిరింపుగా తీసుకుంటారు. అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగు మీద కనిపించేలా ఉంచు. లైసెన్సు, కారు పత్రాలు అడిగాక, ఎక్కడ ఉన్నాయో చెప్పి అప్పుడు తియ్యి. రోడ్డు పక్కన పోలీసు కారో అంబులెన్సో ఆగి ఉంటే పక్క వరుసలోకి మారాలి, వీలు కాకపోతే వేగం తగ్గించాలి. దానికీ జరిమానా ఉంది.

నీ దారి సరిహద్దుకు దగ్గర. అటువైపు రోడ్ల మీద సరిహద్దు గస్తీవాళ్ల తనిఖీ కేంద్రాలు ఉంటాయి. పాస్‌పోర్టు, వీసా, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు నమోదు పత్రం) నకలు ఫోనులోనే కాకుండా కాగితం మీద కూడా ఉంచుకో. పల్నాటి గారూ, మీ అమ్మానాన్నల పాస్‌పోర్టులు కూడా వెంట ఉండాలి, హోటల్లో వదిలి తిరగవద్దు.

తాళంచెవి

అయితే పాస్‌పోర్టులు కారులోనూ వదలకండి! దొంగల సంగతి అడిగారు కదా. ఎడారి పార్కుల్లో ఆ బెడద తక్కువ. ఎక్కువ చోటుచేసుకునేది శాన్‌ఫ్రాన్సిస్కో వంటి నగరాల్లో, పర్యాటకులు ఆగే చోట్ల. అద్దం పగలగొట్టి సంచి లాక్కుపోవడానికి అర నిమిషం పట్టదు. సీటు మీద ఉత్త సంచి కనిపించినా చాలు. సామాను డిక్కీలోకి మార్చేది కారు ఆపిన చోట కాదు, అంతకు ముందే.

పులిహోర_పొట్లం

ఎవరూ తిండి గురించి మాట్లాడలేదేమిటి? కనాబ్, పేజ్, టుసాయన్ చిన్న ఊళ్లు. రాత్రి తొమ్మిది దాటితే శాకాహారులకు దొరికేది అంతంత మాత్రం. షుగరు ఉన్నవారిని ఖాళీ కడుపుతో తిప్పకూడదు. వేగస్‌లోనే బియ్యం, పెరుగు, నీళ్ల డబ్బాలు కొనేయండి. నీళ్లు మనిషికి రోజుకు ఒక గ్యాలన్ లెక్క. చిన్న కరెంటు కుక్కరు తీసుకెళ్లండి. తాలింపు మాత్రం హోటల్ గదిలో పెట్టకండి, పొగ గంట మోగి అందరినీ బయట నిలబెడుతుంది. పులిహోర మొదటి రోజుకే. ఎండలో కారులో ఉంచిన పెరుగన్నాన్ని సాయంత్రం నమ్మవద్దు.

ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు తగ్గిపోయి కళ్లు తిరుగుతాయి. గ్రాండ్ క్యానియన్‌లో నడిచేవాళ్లకు పార్కు వాళ్లు ఉప్పగా ఏదైనా తింటూ నీళ్లు తాగమని చెప్పేది ఇందుకే. ఉప్పు వేసిన మజ్జిగ, రెండు జంతికలు చాలు. బీపీ ఉన్నవారికి ఎంత ఉప్పో డాక్టరు చెప్పినట్టు.

ముహూర్తాల_మూర్తి

పాస్ గురించి. మూడు పార్కులకూ కారుకు 35 డాలర్ల చొప్పున కట్టే కన్నా 80 డాలర్ల వార్షిక పాస్ లాభం. అయితే 2026 జనవరి నుంచి అది అమెరికా నివాసులకే. విదేశీ సందర్శకుల వార్షిక పాస్ 250 డాలర్లు. పాస్ లేని విదేశీయులకు గ్రాండ్ క్యానియన్, జయాన్, బ్రైస్‌తో కలిపి 11 పార్కుల్లో మనిషికి 100 డాలర్లు అదనం, పదహారేళ్లు నిండనివారికి లేదు. మీ కారులో ఇద్దరు సందర్శకులు ఉన్నారు కాబట్టి బయలుదేరే ముందు పార్కు సైటులో రుసుముల పేజీ చదివి, మీ లైసెన్సు చేతిలో ఉంచుకోండి.

పల్నాటి_ప్రవాసి

ఇప్పుడు ఇలా మార్చాను. విమానం దిగిన రోజు వేగస్‌లోనే విశ్రాంతి. మరుసటి రోజు తెల్లవారగానే బయలుదేరి జయాన్, దాని పక్క ఊరు స్ప్రింగ్‌డేల్‌లో బస. తరువాత బ్రైస్, అక్కడే బస. తరువాత పేజ్, మరుసటి ఉదయం ఎగువ యాంటిలోప్. అక్కడి నుంచి కామెరన్ మీదుగా గ్రాండ్ క్యానియన్, రెండు రాత్రులు. చివరి రోజు పగటిపూట వేగస్. మాన్యుమెంట్ వ్యాలీ తీసేశాను, చక్రపాణి గారు క్షమించాలి. తిరుగు టిక్కెట్టు మార్చినందుకు కొంత డబ్బు పోయింది, పరవాలేదు. ప్రతిరోజూ చీకటి పడేలోపు గదికి చేరిపోతాము.

ఎడారి_కోడలు

ఇప్పుడు బాగుంది. జయాన్‌లో షటిల్ నడిచే రోజుల్లో లోపలి రోడ్డులోకి కార్లను వదలరు, పార్కింగు పొద్దున్నే నిండిపోతుంది. స్ప్రింగ్‌డేల్‌లో దిగుతున్నారు కాబట్టి కారు హోటల్లోనే ఉంచి ఊరి బస్సు ఎక్కండి. పేజ్ నుంచి గ్రాండ్ క్యానియన్ దారిలో డెజర్ట్ వ్యూ దగ్గర 1932లో కట్టిన రాతి బురుజు ఉంది, మొదటిసారి లోయ కనిపించేది అక్కడే. పార్కు మ్యాపులు ముందే ఫోనులో దింపుకోండి, సిగ్నలు లేని చోట్లు చాలా ఉంటాయి. పెట్రోలు సగానికి వస్తే నింపేయడమే.

కారు_చక్రపాణి

క్షమించాను. ఈసారి అమ్మానాన్నలు వచ్చినప్పుడు అక్టోబరులో రమ్మనండి, మాన్యుమెంట్ వ్యాలీ, డెత్ వ్యాలీ రెండూ చూడవచ్చు.

తాళంచెవి

విమానాశ్రయంలో కారు తీసుకునేటప్పుడు డిక్కీలో చాప ఎత్తి అదనపు టైరు ఉందో లేదో చూడండి. ఈ మధ్య చాలా కార్లలో టైరు బదులు గాలి కొట్టే చిన్న యంత్రం, జిగురు సీసా పెడుతున్నారు. టైరు పక్క గోడ చీలితే అది దేనికీ పనికిరాదు. వేరే కారు అడగండి, సాధారణంగా మారుస్తారు. భార్య కూడా నడుపుతుంటే ఆమె పేరు ఒప్పందంలో ఉండాలి.